పావు తిప్పు

ఎంబీబీఎస్ ఐదున్నర, సర్జరీ మూడు,
ఛాతీ ఆపరేషన్ల చదువు ఇంకో మూడు.
నడుమ సీటు రాక పోయిన రెండేండ్లు
ఎవ్వరూ లెక్కెయ్యరు.
మిర్యాలగూడల ఇఫ్తెకార్ అప్పటికే
అపెండిక్సులు తీసి తీసి రెండంతస్తులు లేపిండు.
"గుండెనన్న నేర్చుకోరాదు,
ఊపిరితిత్తిల ఏమున్నది, గాలే గద" అన్నడు.

నిజమే, గాలే.
దాన్ని అందుకోవాలంటే ముందు చీము తోడాలె.
నల్లగొండ పెద్దాస్పత్రిల ఏడాదంతా
గొట్టాలు పెట్టుడు, సీసాల బుడగలు లెక్కవెట్టుడు.
బుడగ ఆగిందంటే పుండు మానినట్టు,
లేకుంటే గొట్టం మూసుకపోయినట్టు.
ఏదో తెల్వాలంటే
అర్ధరాత్రి పోయి మనిషిని లేపి
"ఒక్కసారి దగ్గు పెద్దాయనా" అని బతిమాలాలె.

ఇంటర్వ్యూల అడిగిండ్రు, ఛాతీనే ఎందుకని.
పెదవులు విప్పకుంట నవ్వి ఏదో చెప్పిన.
పండ్లు కనవడితే మర్రిగూడ అని తెలుస్తది.
నాకు ఈ చదువుల ముందుగాల నచ్చింది మాస్కు.

కత్తి నా చేతికిచ్చిన తొలినాడు
బల్ల మీద ముత్తిలింగం.
బోరుబండి మీద ముప్పై ఏండ్లు,
ఎడమ ఊపిరితిత్తి చుట్టూ గట్టిపడ్డ తొక్క.
హన్మాండ్ల సారు చేతులు ఎనక్కి కట్టుకొని నిలవడ్డడు.
తోలు కోసిన, కండ కోసిన,
పక్కెముకల నడుమ స్ప్రెడర్ దూర్చి పిడి తిప్పిన.
తెరుసుకోలే.
పుస్తకంల తెరుసుకుంటయి,
హైద్రాబాదుల తెరుసుకున్నయి.
ఇంకింత బలం పెట్టవోతే
"ఇరుగుతది" అన్నది, సారు కాదు, సుగుణమ్మ సిస్టరు.
"మీ దిక్కు మనిషే గద మేడం."

మా బడి బోరింగు యాదికొచ్చింది.
ఇంటర్వెల్ గంట కొట్టంగనే
ఒకలనొకలు తోసుకుంట దోసిట్ల పట్టి తాగినం.
ఆ నీళ్లే ఈడ ఎముకల రాయైనయి.

పావు తిప్పిన. ఆగిన.
మత్తు డాక్టరు గడియారం దిక్కు చూసిండు.
మల్ల పావు.
ముసురుకు ఉబ్బిన తలుపు లెక్క
కొంచెం, ఇంకొంచెం.
తొక్క ఒలిచేసరికి మూడు దాటింది.
ముడుసుకున్న ఊపిరితిత్తి
గాలి తాకంగనే అంచుల కాడ
పులిసే పిండి లెక్క మెల్లగ లేసింది.

మంచిగ చేసినవని సారు అనలే.
నోట్సు రాయమన్నడు.
తెరువనీకి పట్టిన సమయం: ఇరవై ఐదు నిమిషాలు.
కారణం అన్న కాడ
ఊరి పేరు రాసి కొట్టేసిన.

మొన్న దేవరకొండ నుంచి కొత్త పిల్లగాడొచ్చిండు.
క్యాంటీన్ల చాయ్ తాక్కుంట
ఇది నేర్వనీకి ఎన్నేండ్లు పడ్తది మేడం అన్నడు.
నోరంత తెరిచి నవ్విన.
నా పండ్ల దిక్కు చూసి
తన పెదవులు మూసుకున్నడు.