తాడు ముప్పై మూరలు

టైర్లకు రీట్రేడింగ్ చేసే అంగడి మీద మేడగది.
కట్టమంచిలో ఆదివారం రాత్రి
రబ్బరు కాలిన వాసన ఇంకా మెట్లెక్కుతూనే ఉంటుంది.
ప్లాస్టిక్ బల్ల, నాలుగు టీ గ్లాసులు,
ఇరవై ముఖాల పాచిక ఒకటి,
నా ముందు నిలబెట్టిన పాత క్యాలెండరు అట్ట.
దాని వెనక నేనొక్కణ్ణే చూసే పటం:
ఒక పాలెగాడి కోట, అందులో నేను పెట్టిన ఉచ్చులు.

కథ నడిపేవాణ్ణి.
వానను రమ్మంటే వస్తుంది.

మొదటి వారమే ఏరు పొంగిందన్నాను, దాటలేరన్నాను.
ఖాదర్ వలీ పగలబడి నవ్వాడు.
"ఏరు పొంగిందా? మన నీవాలో
చెప్పు తడిపి చూపిచ్చు, అప్పుడు నమ్ముతా నీ కత."

ఆ మాట గుచ్చుకుంది.
నమ్మించి తీరాలని పట్టుపట్టాను.
బాణాలు లెక్కపెట్టించాను. గుర్రానికి ఉలవలు,
లాంతరుకు చమురు, నడిచిన కాళ్లకు బొబ్బలు.
చెంగల్రాయుడు రత్నాల పెట్టెలు తొమ్మిది ఎత్తుకుంటే
బరువెంతో రాయమన్నాను.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర కూర్చునే మనిషి.
సీజనంతా లారీ వెనక లారీ, తోతాపురి టన్నులు,
రైతు ముఖం చూడకుండా తరుగు రాసే చెయ్యి
పెన్సిలు కింద పెట్టేసింది.
"ఈడ కూడా కాటానేనా సామీ?"

అయినా నేను ఆగలేదు.
మునిలక్ష్మి ఆడే కావలివాడు వీరన్నకు
తొడలో బల్లెం దిగింది.
పుస్తకాలు తిరగేసి వచ్చినవాణ్ణి కదా,
చీము, జ్వరం, పధ్నాలుగు రోజుల పడక,
కాలు తీసేయాల్సి రావచ్చు అని కూడా
గొంతు తగ్గించి చెప్పాను.
బాగా చెప్పాననుకున్నాను.
ఆమె పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో నర్సు.
వేళ్ల మధ్య ఇంకా స్పిరిట్ వాసన.
"ఏడింటికి డ్యూటీ దిగినాను" అంది, అంతే.
పాచికను ఖాళీ గ్లాసులో వేసి
ఊరికే కదిలిస్తూ కూర్చుంది.

ఆ రాత్రి కాగితం చించేశాను.

ఆ పైన మూడు వారాలు నా అంత దాత లేడు.
ఆకు నూరి పెడితే గాయం మాయం.
అమ్ములపొది అడుగంటదు, తాడు తెగదు,
ఎవడు పడినా దూది మీదే పడతాడు.
అందరూ గెలిచారు. గెలిచి ఆవలించారు.
ఖాదర్ వలీ ఫోనులో స్కోరు చూస్తూ అన్నాడు:
"పడినా సావనని తెలిసినంక
దూకేదానికి గుండె ఎందుకబ్బా?"

కూరలో ఉప్పు గురించి ఇక్కడొక మాట చెప్పాలని ఉంది.
రాదు. ఎంత వేయాలని అడిగితే
మా అమ్మ కూడా పిడికిలి చూపించేది గానీ
కొలత చెప్పేది కాదు.

నాకు తెలిసిందల్లా నిన్నటి రాత్రి.
గోడ నలభై మూరలు. తాడు ముప్పై.
నేను లెక్క అడగలేదు.
చెంగల్రాయుడే పెన్సిలు అందుకున్నాడు.
"పది మూరలు తక్కవ" అన్నాడు,
ఎవరో బహుమతి ఇచ్చినట్టు.
తలపాగాలు విప్పారు. గుర్రం పగ్గం ముడేశారు.
పెట్టెలు ఆరు అక్కడే వదిలేశాడు, తనంతట తానే.
ఏ ముడి జారదో మునిలక్ష్మి
చున్నీ కొనతో చేసి చూపించింది,
చెయ్యి విరిగి వచ్చినవాళ్లకు కట్టే ముడి.
పాత గాయం సంగతి ఎవరూ ఎత్తలేదు.
ఆమే అంది:
"వీరన్నకు కాలు నొస్తా ఉండాది.
అయినా ఎక్కుతాడు."

ఎక్కాడు.
ముప్పై ఆరో మూర దగ్గర పాచిక వేసింది.
దొర్లి, గ్లాసుకు తగిలి,
అట్ట కిందుగా నా వైపు వచ్చి ఆగింది.

ఒకటి.

వేలితో ఒక్క పొర్లు చాలు, ఎవరికీ తెలియదు.
కింద అంగడి షట్టరు గాలికి కొట్టుకుంది.
క్యాలెండరు మీది దేవుడు వాళ్ల వైపు చూస్తున్నాడు.
నా వైపు ఉత్త అట్టే.

మునిలక్ష్మి చెయ్యి చాచింది.
"అట్ట తియ్యి.
వాడికేమయిందో నేనే చూస్తా."

నా వేలు ఇంకా పాచిక పక్కనే ఉంది.