పది తెత్రీల బిళ్ళ

మా అపార్టుమెంటు లిఫ్టుకి ఆకలెక్కువ.
పది తెత్రీల బిళ్ళ నోట్లో వేస్తే గానీ
పైకి కదలదు.
త్బిలిసీ ఊరి చివర, గ్ల్దానీలో,
తొమ్మిదంతస్తుల పాతకాలపు మేడ మాది.
బిళ్ళ లేనివాడు మెట్లెక్కుతాడు.
ఎక్కలేనివాడి సంగతి
లిఫ్టు బిగించినవాడు అడగలేదు,
దాని ముందు ఏడు మెట్లు కట్టినవాడూ అడగలేదు.
నేనూ అడగలేదు.

ఆరో అంతస్తులో ఉంటాను.
ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను.
అయినా లెక్కపెట్టలేదు,
ఆ ఏడు మెట్ల మీద త్సియాల
తమ్ముణ్ణీ, అతని చక్రాల కుర్చీనీ
విడివిడిగా ఎన్నిసార్లు మోసిందో.
ముందు కుర్చీ, తర్వాత రెజో.
వానొస్తే ముందు రెజో.
చక్రం మెట్టుకి కొట్టుకున్న చప్పుడు వినబడితే
టీవీ గొంతు కాస్త పెంచేదాన్ని.

ఎదురుపడితే మాత్రం అందరిదీ ఒకటే మాట:
"నువ్వు దేవతవమ్మా."
ఒకసారి ఆమె సంచి కింద పెట్టి అంది:
"దేవతలకి నడుం పట్టెయ్యదు, లమారా.
నాకు పట్టేసింది.
కాస్త ఈ తలుపు పట్టుకో."

పట్టుకున్నాను.
నేను చేసిన మొదటి పని అదే.
గొప్పగా చెప్పుకోను,
తలుపు బరువెంతని?

ఆ మార్చిలో మగవాళ్ళంతా కలిసి
మెట్ల పక్కన సిమెంటు వాలు పోశారు.
అన్జోర్ పార పట్టాడు.
ఇసుక ఎవరిదో కారు డిక్కీలో వచ్చింది.
ఆరిన రోజు వైను, గ్లాసులు,
ఒక పట్టాన ముగియని ఉపన్యాసాలు.
రెజోని పైకి నెడితే
కుర్చీ సగంలో ఆగి వెనక్కి జారింది.
నలుగురు పట్టుకున్నారు. వైను ఒలికింది.

రెజో మాట ముక్కముక్కలుగా వస్తుంది,
ఒక్కో ముక్కా కొలిమిలోంచి తీసినట్టు.
"కట్టే ముందు... మేకని... అడిగారా?"
ముందు అతనొక్కడే నవ్వాడు.
మాకు కాస్త ఆలస్యమైంది.

పగలగొట్టి మళ్ళీ కట్టారు.
ఈసారి అతను పక్కనే కూర్చుని చెప్పాడు:
జానెడు ఎత్తుకి పన్నెండు జానల పొడుగు.
నల్లబల్ల మీద అన్ని వాలులు గీసిన నాకు
ఒక్కనాడూ తోచలేదు
ఆ త్రిభుజం మీద ఒక మనిషి ఉంటాడని.

వాలు పొడుగై, వాఝా కారు పెట్టుకునే చోటు మింగేసింది.
సంతకాలు తిరిగి సేకరించింది నేనే కనక
వాఝా ఇప్పటికీ నాతో మాట్లాడడు.
మంచు పడ్డ పొద్దుల్లో
దాని మీద ఉప్పు చల్లేది మాత్రం అతనే.
కిటికీలోంచి చూశాను.

గురువారాలు నేనూ త్సియాలా ఇళ్ళు మార్చుకుంటాం.
నేను తొమ్మిదికి ఎక్కుతాను, ఆమె ఆరుకి దిగుతుంది.
రెజోతో నార్దీ ఆడతాను.
పాచికలు నేను వేస్తాను,
పావులు అతని చూపు చెప్పిన గడికి జరుపుతాను.
ఐదు పడితే ఆరో గడి చూస్తాడు.
పట్టుకుంటే మెల్లకన్నంటాడు.

ఆమె నా మంచం మీద నిద్రపోతుంది.
రెండు గంటలు. అంతే.
మొదట్లో చెప్పులతోనే పడుకునేది,
ఏ క్షణాన పిలుపొస్తుందోనని.
మొన్న నేను దిగి వచ్చేసరికి
గుమ్మం దగ్గర ఆమె చెప్పులు,
ఒకటి బోర్లాపడి, ఇంకొకటి గోడవైపు తిరిగి,
బడి నుంచి వచ్చిన పిల్ల విసిరేసినట్టు.

"నా తర్వాత వీడికెవరు?" అని ఆమె అడుగుతుంది.
మా మేడ దానికింకా జవాబు కట్టలేదు.
ఎన్ని జానల వాలు కావాలో
ఎవరికీ తెలీదు.

లిఫ్టు పక్కన మేకుకి ఒక టీ డబ్బా వేలాడుతోంది.
లేనివాళ్ళు అందులోంచి బిళ్ళ తీసుకోవచ్చు.
ఎవరు పెట్టారో తెలీదు, ఎవరూ అడగలేదు.
నిన్న అది ఖాళీ.
పింఛను అందిన రోజు కావడంతో
రెజో నాచేత చిల్లర తెప్పించి
నిండా పోయించాడు.
ఎందుకన్నాను.
"వాఝాకి... మోకాళ్ళ నొప్పి..."
ఊపిరి తీసుకున్నాడు.
"అడగడు. మొండోడు."