అడుగుకో మిల్లీసెకను

ఏడు పెడల్స్, ఒక చెక్కపెట్టె, పద్నాలుగు కిలోలు.
తండయార్‌పేట నుంచి వడపళని దాకా
స్కూటరు మీద కాళ్ళ మధ్య ఇరికించుకుని
పదకొండేళ్ళు పెళ్ళిళ్ళకు మోశాను.
ఒకరోజు నడుము
నా మాట వినడం మానేసింది.
"అన్నీ ల్యాప్‌టాప్‌లోనే పలుకుతున్నాయిగా ఇప్పుడు"
అన్నాడు కీబోర్డు పొన్నురంగం, తన నడుముకేం.

రిచీ స్ట్రీట్‌లో, నెత్తిన వైర్ల పందిరి కింద
కాజా మొహిదీన్ రెండు యంత్రాలు తెరిచి పెట్టాడు.
సన్నగా వెండిరంగులో మెరిసేదాని మీదికి
నా చెయ్యి దానంతటదే వెళ్ళింది.
"అది కాఫీ షాపులో తెరవడానికి.
వేడెక్కితే దమ్ము దాచుకుంటుంది.
నీకిది," అంటూ ఇటుకలాంటి నల్లదాన్ని తోశాడు.
సిరుసేరిలో ఏ కంపెనీయో వదిలించుకున్న సరుకు.
అడుగున ఇంకా వాళ్ళ నంబరు చీటీ.
మీటల మీద అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి,
ఒక్క చెరిపే మీట మాత్రం
నదిలో రాయిలా నున్నగా అరిగింది.
ఎవరో పాపం, రాసినదానికంటే
ఎక్కువ చెరిపారు.
ఇరవైమూడు వేలు.
వెయ్యి తగ్గించమంటే టీ ఇప్పించాడు.

ఆ రాత్రి తీగ మీటితే
ల్యాప్‌టాప్ నీళ్ళు నమిలింది.
వేలు ఇక్కడ, నాదం అక్కడ,
గోడ అవతల ఎవరో నన్ను చూసి వాయిస్తున్నట్టు.
బఫరు రెండువందల యాభైఆరు.
నూటఇరవైఎనిమిదికి దించాను, గోడ పల్చబడింది.
అరవైనాలుగు. వేలికీ చెవికీ మధ్య ఉల్లిపొర.
కానీ ఉండుండి టిక్కు, టిక్కు,
అన్నంలో రాయి తగిలినట్టు.

అప్పుడు మొదలైంది ఆపడం.
వైఫై ఆపాను. బ్లూటూత్ ఆపాను.
వాతావరణం చెప్పేదాన్ని ఆపాను,
మా ఊళ్ళో దానికి చెప్పడానికేముంది, ఉక్కపోత.
అప్‌డేట్లకు తలుపు వేశాను.
కరెంటు పొదుపు చేయవద్దని, నిండా తినమని చెప్పాను.
ఎవరు పెట్టారో తెలియని ముప్పైనాలుగు పనులు
లోపల గుసగుసలాడుతున్నాయి,
ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి ఇంటికి పంపాను.
పంపకూడనిదాన్ని ఒకదాన్ని పంపేసరికి
తెర నల్లబడింది.
రెండింటిదాకా బతిమాలితే లేచింది.

చార్జరు గుచ్చితే చెవిలో జోరీగ.
పీకేస్తే బ్యాటరీ గంటన్నర,
రిసెప్షనేమో రెండున్నర గంటలు.
చివరికి ఆరువందల చిన్న డబ్బా ఒకటి
జోరీగను మింగింది.
ఇలా మూడు వారాలు.

ఆదివారం, కల్యాణమంటపం.
పెట్టె లేకుండా మెట్లెక్కుతుంటే
చేతులేం చేసుకోవాలో తెలియలేదు.
గాలి ఆడాలని ల్యాప్‌టాప్ కింద
నాలుగు సోడా మూతలు పెట్టాను.
మొదటి పాటలోనే వెనకబడ్డాను.
అరవైనాలుగే ఉంది. టిక్కు లేదు.
అయినా ఇన్నాసి డ్రమ్ము ముందు,
నేను దాని తోక పట్టుకుని.
పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకొచ్చానా అని
ముప్పైరెండుకి దించబోతుంటే
ఇన్నాసి కర్రతో నా కుర్చీని పొడిచాడు.
"డబ్బాని వదిలెయ్. నీ స్పీకరెక్కడుందో చూడు."

వేదిక అవతలి చివర, ప్లాస్టిక్ పూలకుండీ వెనక.
పన్నెండు అడుగులు.
"అడుగుకో మిల్లీసెకను తింటుంది గాలి,"
అన్నాడు ఎనిమిదో తరగతి దాటని ఇన్నాసి,
"దానికి సెట్టింగులుండవు."

నిద్రలు మాని లోపల మిగిల్చింది తొమ్మిది,
కళ్ళెదుటే ఒలకబోసుకుంటున్నది పన్నెండు.
ఏమీ అనలేదు.
కుర్చీ ఎత్తుకుని వెళ్ళి
స్పీకరు మోకాలికి తగిలేంత దగ్గర కూర్చున్నాను.
రెండో పాటకి ఇన్నాసి నా వైపు చూడలేదు.
చూడలేదంటే బాగుందని.

పన్నీరు చల్లే పిల్ల
ల్యాప్‌టాప్‌కీ రెండు చుక్కలు మర్యాద చేసింది.
చొక్కా అంచుతో తుడిచాను.
పాటకీ పాటకీ మధ్య బొటనవేలు
ఆ అరిగిన మీట మీదే ఉంది.
నొక్కలేదు.

పదకొండింటికి ఇంటిదారి.
స్కూటరు ముందర ఖాళీ.
కోడంబాక్కం వంతెన దిగేదాకా గమనించలేదు,
కాళ్ళింకా దూరం దూరంగానే పెట్టుకుని
నడుపుతున్నాను.