ఎవరి మూర వాళ్లది

నక్షాల తొమ్మిది వందల మిల్లీమీటర్లని రాసుంది,
వంటగట్టు ఎత్తు.
ఎనిమిది ఇండ్లకూ అదే అంకె.

షమ్సా ముసలమ్మ వచ్చి గట్టు ముందర నిలబడ్డది.
మోచెయ్యి లేచింది, భుజం చెవిని ముట్టింది.
"దీని మీద చేప కొయ్యాలంటే
నేను మళ్ల పెరగాలె గద!"
అందరం నవ్వినం. ఇంజనీరమ్మ రయ్యా నవ్వలే.
ఎనిమిది అంకెలూ కొట్టేసి నా దిక్కు చూసింది:
"ఇండ్లను కొలిచింది చాలు.
పోయి వాళ్లను కొలిచి రా."

మా నాయిన మంచం చెయ్యాలంటే
ముందుగాల మనిషిని కొలిచేటోడు.
పాదం నుంచి మోకాలి మడత దాకా
రెండు జానలు, ఒక బెత్తెడు.
ఎవరి మూర వాళ్లదిరా, అనేటోడు.
ఇరవై ఆరేండ్ల సంది టేపు పట్టుకొని తిరిగి
ఆ మాటనే మరిచిన.

సూర్‌ల, పడవలు పుట్టిన ఊళ్లె,
ఉప్పుగాలి మేకులను కొరుక్కతింటుంటే
ఎనిమిది మందిని కొలుచుకుంట తిరిగిన.

ఖమీస్ రాత్రి నాలుగుసార్లు లేస్తడు.
మంచం నుంచి బాత్రూముకు ఏడడుగులు.
నక్షాల పట్టుకునే కర్ర కుడిదిక్కున్నది,
ఆయన కుడిచెయ్యి పడిపోయి మూడేండ్లు.

జువైదాకు చూపు లేదు.
తలుపు బందులకు నూనె పెట్టబోతే చెయ్యి పట్టుకున్నది:
"వద్దు బిడ్డా, కిర్రుమననియ్యి.
వచ్చింది బిడ్డనో, గాలో
దాంతోటే తెలుస్తది నాకు."

షమ్సా గట్టు దించినం.
పీట మీద కూసుంటే మూరెడు కూడ లేదు.

పడవలు నడిపిన నాఖుదా ముబారక్ ఒక్కడే
కొలతలియ్యలే.
"గడప ఏది?" అన్నడు.
చక్రాల కుర్చీకి అడ్డం, రూలు ఒప్పదు,
నాకొచ్చిన అరబ్బీల చెప్పిన.
"గడప లేకుంటే
ఇంట్లకొచ్చినట్టు కాలుకెట్ల తెలుస్తది?"

క్యాంపుల ఆ రాత్రి నిద్ర పట్టలే.
గడపలు చేసే ఇంట్ల పుట్టినోన్ని,
జవాబు లేకపాయె.

పొద్దుగాల పాత పడవ విప్పుతున్న కాడికి పోయి
టేకు పలక ఒకటి అడుక్కొచ్చిన.
నేల చెక్కి, నేలకు సమానంగ దింపిన.
చక్రం దాటిపోతది.
వట్టి కాలు గుర్తుపడతది.

ముసలాయన చెప్పులిడిచి
దాని మీద నిలబడ్డడు, శానాసేపు.
లోపలికి పోలే, బయటికి రాలే.
నేను లేవబోతే నా మోకాలు టక్కుమన్నది.
కిందికి చూసి అడిగిండు:
"నీ మంచం ఎంతెత్తు?"

నాది పైబంకు.
ఇనుప నిచ్చెనకు ఆరు మెట్లు.
పండుకుంటే రేకుకూ ముక్కుకూ నడుమ
జానెడున్నర.

చెప్పలే.
బెత్తెడు టేకు ముక్క మిగిలితే
జేబులేసుకున్న.
దేనికో ఇంకా తెల్వదు.