మూడింట రెండు వంతులు

హౌమా పట్నం సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో
నాలుగో కిటికీ నాది.
అద్దానికి అటు జనం, ఇటు నేను,
మధ్యలో మాటలు దూరడానికి కాసిని చిల్లులు.

ఓడెలియా గిడ్రీ మొదటిసారి వచ్చిన రోజు వాన.
పసుపు రెయిన్‌కోటు విప్పి, మడిచి, కుర్చీ కింద పెట్టింది,
నేల తడవకుండా దాని కింద పాత పేపరొకటి పరిచి.
మొగుడు పోయి పదకొండు రోజులు.
ఎల్ఫేజ్, ఓడల యార్డులో వెల్డరు,
ముప్పై ఒక్క ఏళ్లు ప్రతి జీతంలోంచీ
మా ఆఫీసు పేరు మీద కోత కోయించుకున్నవాడు.

"ఆయనది నాకెంత వస్తుంది?"
అప్పు అడుగుతున్నట్టు అడిగింది.

తొమ్మిది వందల నాలుగు డాలర్లు, అన్నాను.
ఆమె భుజాల మీంచి కరెంటు బిల్లొకటి దిగడం చూశాను.
అప్పుడడిగాను, అడగాలి కనక:
మీకు సర్కారు కొలువు పింఛనేమైనా ఉందా?

ఉంది. స్కూలు బస్సు. ఇరవై ఏడేళ్లు.
నెలకి పదమూడు వందల ఎనభై.

కాగితం ఆమె వైపు తిప్పి పెన్సిలుతో వేశాను.
మీ పింఛనులో మూడింట రెండు వంతులు, తొమ్మిది వందల ఇరవై.
ఆయన తొమ్మిది వందల నాలుగులోంచి అది తీసెయ్యాలి.
పోదు.
పోనిచోట సున్నా రాస్తాం.
నిజానికి ఇంకా పదహారు డాలర్లు మీరే మాకు బాకీ,
అది మాత్రం అడగం లెండి.

నవ్వుతుందనుకుని అన్నాను.
ఇప్పటికీ ఆ మాట నా నాలుక కింద మాత్రలా కరగలేదు.

"ఒక్క రోజూ బస్సు నడపకుండా ఇంట్లో కూచునుంటే?"
మొత్తం వచ్చేది.

పెన్సిలు వైపు చాలాసేపు చూసింది.
తర్వాత నాతో కాదు, అద్దంలో చిల్లులతో:

"బేయూ రోడ్డు మీద పొగమంచులో
నలభై ఒకటో నంబరు బండి.
ఎక్కేటప్పుడు లెక్కపెట్టేదాన్ని, దిగేటప్పుడు లెక్కపెట్టేదాన్ని,
రెండూ కలిసేదాకా తాళంచెవి తీసేదాన్ని కాదు.
అప్పటికీ ఊరుకోక చివరి సీటుదాకా నడిచి చూసేదాన్ని,
ఏ పిల్లాడో సంచి మీద తలపెట్టి నిద్రపోతుంటాడని.
ఇరవై ఏడేళ్లలో ఒక్కడు తగ్గలేదు.
మీ లెక్కలో మా ఆయన తగ్గాడు."

ఆ తర్వాత ఏటా ఒకసారి,
పక్కన మర్టిస్‌ని వెంటబెట్టుకుని.
అదే బడి వంటింట్లో గంటె తిప్పిన మనిషి మర్టిస్,
ఆమె మొగుడూ అలాగే సున్నా అయ్యాడు.
ఇద్దరూ ఒకే టోకెను తీసుకునేవాళ్లు.
"మారిందా?"
లేదమ్మా.
"సరే, రొయ్యలు చవగ్గా ఉన్నాయంట, బజారుకి పోదాం పద."
అంతే. గొడవ లేదు. నన్ను తిట్టినా బాగుండేది.

తొమ్మిదేళ్లు.

చివరికి ఆ రూలు కొట్టేశారు.
ఆఫీసు ఫోన్లు మూడు నెలలు గొంతు పోయేలా మోగాయి.
ఓడెలియా ఖాతాలో వెనకటి ఏడాది బకాయి పడింది,
అంతకు ముందు ఎనిమిదేళ్లవి రావు.
ఆ మాటా చెప్పవలసింది నేనే, చెప్పాను.

టోకెనుతో ఒక్కతే వచ్చింది.
సంచిలోంచి మర్టిస్ పాత దరఖాస్తు నకలు తీసి
అద్దం కింది సందులోంచి ఇటు తోసింది.
కొత్త లెక్క మొదలయ్యే తేదీకి పది వారాల ముందే
మర్టిస్ పోయింది.

"ఎక్కింది ఇద్దరం."

కుదరదమ్మా.

"తెలుసు," అంది.
కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం లైట్లు ఆర్పబోతూ
ఎందుకో ఆఖరి వరస కుర్చీల దాకా నడిచాను.
ఎవరూ లేరు.
మళ్లీ ఒకసారి చూశాను.