చిల్లర సరిచూసుకో

కూర్చో దయామణీ, ఆ సంచి కింద పెట్టకు, నేల చెమ్మ.
మా లంకల గుణమే అంత.
మొక్క పాతితే వద్దన్నా బతుకుతుంది,
కాగితం పెడితే వద్దన్నా ఉబ్బుతుంది.
మంచం కింద నా పుస్తకాలు
మొదటి వానాకాలానికే గర్భిణీల్లా అయ్యాయి.

రాజోలు డిపోలో ఇరవై తొమ్మిదేళ్ళు టిక్కెట్లు కొట్టినవాణ్ణి.
నన్నడుగుతున్నావు, పుస్తకం ఎలా వెయ్యాలని.
సరే.

మామిడికుదురులో ఎక్కినవాడు కథ ఎలా చెప్తాడో విను.
పుట్టినప్పట్నించీ మొదలెట్టడు.
"అప్పటికే నీళ్ళు గుమ్మం దాటేశాయండీ" అంటాడు,
బస్సంతా అటు తిరుగుతుంది.
నువ్వేమో నాలుగు పేజీలు సూర్యోదయం రాశావు.
ఆయన రోజూ వచ్చేవాడే, దింపెయ్.

రాసింది మీ పెద్దమ్మకి పైకి చదువు,
రొయ్యలు వొలుస్తున్నప్పుడు.
మెచ్చుకుంటే లెక్కలో వేసుకోకు.
ఆవిడ చేతులు ఎక్కడ ఆగాయో అక్కడ గుర్తు పెట్టు.
"పొయ్యి మీద అన్నం చూడవే" అని ఎక్కడందో
అక్కడ కొట్టెయ్.

పాలకొల్లులో సత్తిరాజు గారి ప్రెస్సుంది,
శుభలేఖలూ, రొయ్యల మేత కొట్ల బిల్లుపుస్తకాలూ వేస్తారు.
వెయ్యి వేస్తే కాపీ చవగ్గా పడుతుందండీ అంటాడు.
అబద్ధం కాదు.
మిగిలిన ఎనిమిది వందలకీ చూరు మాత్రం నీదే.
రెండొందలు చాలు.
ప్రూఫు నువ్వొక్కదానివే దిద్దకు,
మన కన్ను మన తప్పుని చుట్టంలా చూస్తుంది.
నేను 'ఆఖరి రేవు' అని పేరు పెడితే
అట్ట మీద 'ఆఖరి రేపు' అని పడింది.
ఎంత లోతుగా ఉందండీ అన్నారు నలుగురు.
నేనూ తలూపాను. సిగ్గేసింది, అయినా ఊపాను.

ఆవిష్కరణకి మూడు శాలువాలు, అరవై టీలు,
మైకు వదలని ఒక పెద్దమనిషి.
అందరికీ ఊరికే పంచాను.
ఊరికే వచ్చిందాన్ని ఎవరు విప్పుతారు?

తర్వాత తెలివొచ్చింది.
సఖినేటిపల్లి రేవులో, పంటు అవతలి ఒడ్డున ఉన్నంతసేపూ
ఇవతల ఎవరికీ పనుండదు.
"కథలండీ" అంటే ఒక్క తల తిరగలేదు.
"ఈ రేవు గురించేనండీ, నలభై ఒకటో పేజీ" అన్నాను.
చేపల గంప దించి ఒకామె అడిగింది,
"మా గురించేం రాసేవేంటి?"
చదువు రాదట. చదివి వినిపించాను.
పంటొచ్చింది, వెళ్ళింది, ఆమె కదల్లేదు.
మనవడికని కొంది, పది రూపాయలు తగ్గించి.
ఫోన్లో పెట్టుకో, వద్దనను.
రోజూ శుభోదయాలతో కలిపి మాత్రం పెట్టకు.

రెండు నెలలకి ఒక కార్డు ముక్క వచ్చింది.
"పల్లిపాలెం నుంచి నూకరాజు. బాగుందండి.
కానీ పున్నమి అర్ధరాత్రి పోటు ఎక్కుతోందని రాశారు.
ఆ వేళకి పాటు. నీళ్ళు తీస్తుంటాయి.
మీ రాములు ఆ నావ కట్టలేడు."

శాలువాలు ఎక్కడున్నాయో తెలీదు గానీ
ఆ కార్డు ఇదిగో.
మంచం కింద నూట ఎనభై ఏడు మిగిలితే
నూట ఎనభై ఏడింట్లోనూ ఆ వాక్యం పెన్నుతో దిద్దాను.
నాలుగు రాత్రులు పట్టింది.
అంత సుఖంగా నేనెప్పుడూ రాయలేదు.

ఏదీ, నీ పుస్తకం ఒకటి తియ్యి.
వద్దు, ఊరికే ఇవ్వకు. ఎంత? నూట ఇరవయ్యా?
ఇవిగో రెండొందలు.
ముందు చిల్లర సరిచూసుకో,
సంతకం తర్వాత పెడుదువుగాని.
నలభై ఒకటో పేజీలో ఏం రాశావో
ఈ రాత్రి చూస్తాను.