స్టెప్నీ

ఫిబ్రవరి మూడో వారం.
రాత్రంతా కౌంటీ రోడ్ల మీద మంచు దున్ని
ఇంటికొచ్చేసరికి ఐదుంపావు.
వంటింట్లో లైటు వెలుగుతోంది.
ఐలా పడుకోలేదు.

టేబుల్ మీద ల్యాప్‌టాప్, సగం తాగిన పాలు,
కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో గీసిన గళ్లు.
గళ్లలో ఊళ్ల పేర్లు, పక్కన అంకెలు,
అంకెల మీద కొట్టివేతలు.

అక్టోబరులో ఆరు కాలేజీలకు రాసింది.
ఆరింటి బ్రోషర్లలోనూ ఎండే.
ఒక్క ఫొటోలోనూ మంచు లేదు.
అప్పుడు నేనేమీ అడగలేదు.
అడిగితే పిల్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టవుతుందని
నాకు నేను చెప్పుకున్నాను.
నిజానికి
ఆ అంకె వినడానికి భయపడ్డాను.

మొన్న స్కూల్లో మిసెస్ ట్రెవారో
కళ్లజోడు తుడుచుకుంటూ మెల్లగా అడిగిందట:
ఇవేవీ రాకపోతే?
వచ్చీ, కట్టలేకపోతే?
రెండో ప్రశ్నకి నా కూతురు
తన బూట్ల వంక చూసిందట.

సేఫ్టీ కాలేజీ అంటారట దాన్ని.
"తప్పకుండా సీటిచ్చేదా?" అన్నాను.
"అది సగమే నాన్నా.
ఇచ్చిన సీట్లో కూర్చోగలగాలి కదా."

ఇంకా గేటు మూయనివి ఇద్దరం వెతికాం.
నేను బూట్లు కూడా విప్పలేదు.
ఒకటి జనవరిలోనే మూసేశారు.
ఒకటి తెరిచే ఉంది, హాస్టల్ ఖర్చే నా ఆర్నెల్ల జీతం.
ఒకటి చవక, అక్కడ హైడ్రాలజీ లేదు.
ఇంకోదాని స్కాలర్‌షిప్ గడువు నిన్నటితో పోయింది.
నిన్న అన్న మాట దగ్గర
ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.
ఫ్రిజ్ ఒక్కటే గొణిగింది.

నా బండిలో స్టెప్నీ ఒకటుంటుంది.
పంతొమ్మిదేళ్లలో నాలుగుసార్లు దించాను.
దాన్నెవరూ కడగరు,
దాని పక్కన నిలబడి ఫొటో దిగరు.
కానీ సుపీరియర్ సరస్సు గాలి
రోడ్డు మొత్తాన్ని మింగేసిన ఒక రాత్రి
మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు కొంకర్లు పోతుంటే
అందులో గాలుంటే చాలనుకున్నాను.
అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఈ మాట ఐలాకి చెప్పబోయి ఆగాను.
పదిహేడేళ్ల పిల్ల చదువుని
స్టెప్నీతో పోల్చే తండ్రి ఎవడు?

ఆరున్నరకి దొరికింది.
మూడు గంటల ప్రయాణం.
ఏప్రిల్ దాకా దరఖాస్తులు తీసుకుంటారు.
మా అక్క సిల్వి ఉండేది ఆ పక్క ఊళ్లోనే,
మేడ మీద కుట్టుమిషను గది ఖాళీ.
కూడింది. తీసేసింది. మళ్లీ కూడింది.
ఆఖరి అంకె కింద రెండు గీతలు గీసి
కాగితం నా వైపు తిప్పింది.
పెద్ద అంకే.
కానీ ఊపిరాడే అంకె.

ఫారంలో ఒక ప్రశ్న:
మా కాలేజీనే ఎందుకు ఎంచుకున్నారు?
రెండు వందల మాటల్లో.
టైప్ చేసింది:
మీ తలుపింకా తెరిచి ఉంది గనక.
మా నాన్న ఇల్లు తాకట్టు పెట్టకుండా
నేను దాటగల గడప గనక.
చదువుకుంది, నవ్వింది, చెరిపేసింది.

వాళ్ల ఊరి నది గురించి రాద్దామని
ఫొటోలు వెతికింది.
ఒకటి తెరిచింది, ఇంకొకటి, మరొకటి.
"నాన్నా, పైన గడ్డకట్టిన నదికి
కింద నీళ్లెంత వేగంగా పోతాయో
చలికాలమంతా కొలుస్తారట వీళ్లు!"
దరఖాస్తు సంగతే మర్చిపోయిన గొంతు.

వంగి చూశాను.
ఈ ఫొటోల్లో మంచుంది.
ఒకదాంట్లో, వెనకగా, మసకగా,
పసుపు లైటు వేసుకుని
నాలాంటివాడి బండి ఏదో పోతోంది.

ఆ ఆరింటి జవాబులు మార్చి చివర్లో వస్తాయి.
వస్తే రానీ.
"బూట్లు విప్పు నాన్నా, నేలంతా తడిపావు," అంది
తెర మీంచి కళ్లు తిప్పకుండానే.
విప్పాను.